అమ్మని అడిగారా?

"పెద్దవాళ్ళయ్యాక పసిపిల్లలతో సమానం" అన్న మాట మన ఇళ్ళల్లో ఎంత ధారాళంగా చలామణీ అవుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కారు. అత్తగారికి అన్నం కలిపి పెడుతూనో, తండ్రికి చొక్కా బొత్తాలు పెడుతూనో, ఎంతో ప్రేమగా, కాస్త గర్వంగా కూడా అంటారు. మాట ముద్దుగా ఉంటుంది కనుక అందులో ఉన్న ముల్లు ఎవరికీ కనిపించదు. పసిపిల్లని మనం ఏం అడుగుతాం చెప్పండి? బువ్వ తింటావా, చందమామని చూస్తావా అని అడుగుతాం. మేనకోడలి పెళ్ళికి ఎంత పెట్టాలి, ఊళ్ళో ఇల్లు ఉంచాలా అమ్మాలా అని అడగం. అంటే ఒక మనిషిని పసిపిల్ల అన్న మరుక్షణం ఆ మనిషిని ఏదైనా అడగవలసిన బాధ్యత మన నెత్తిమీంచి దిగిపోయిందన్నమాట. ముద్దు చెయ్యడంలో ఎంత సౌకర్యం ఉందో చూశారా!

ఈ మాట ఇంతగా నా మనసులో మెదలడానికి కారణం క్యాన్సర్. భయపడకండి, నేను ఏడిపించే కథ చెప్పబోవడంలేదు. మా అమ్మ తరం వాళ్ళు 1981లో వచ్చిన 'ప్రేమాభిషేకం' చూసి హాల్లో చీర కొంగులు తడుపుకున్నారు. ఆ సినిమాలో అక్కినేని నాగేశ్వరరావుకి క్యాన్సర్. ఆ జబ్బు పేరు చెబితే ఇక కథ ముగింపుకొచ్చినట్టే లెక్క ఆ రోజుల్లో. ఇప్పుడలా కాదు. మా వీధిలోనే నాకు తెలిసి నలుగురు ఆడవాళ్ళు ఆపరేషన్లు చేయించుకుని, కీమోలు ఎక్కించుకుని, జుట్టు ఊడి, మళ్ళీ మొలిచి, శుభ్రంగా కార్తీకమాసంలో దీపాలు వదులుతున్నారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పేదవాళ్ళ ఇళ్ళల్లో కూడా కీమో అన్న మాట కొత్త కాకుండా పోయింది. బతకడం నేర్పారు డాక్టర్లు. బతికి ఇంటికొచ్చాక ఏం జరుగుతుందో సినిమాలూ చెప్పలేదు, నాలాంటి నవలలు రాసేవాళ్ళూ చెప్పలేదు. ఇంటికొచ్చే దగ్గరే శుభం కార్డు వేసేస్తాం మేము.

మా అమ్మ మున్సిపల్ హైస్కూల్లో ముప్ఫయ్యొక్క సంవత్సరాలు తెలుగు చెప్పింది. పోతన పద్యం మొదటి మాట అందిస్తే చాలు, చివరిదాకా ఆగకుండా చెప్పేది. అరవయ్యేడో ఏట రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్, మూడేసి వారాలకొకటి చొప్పున ఆరు కీమోలు, ఆ తర్వాత రేడియేషన్. అన్నీ ఓర్చుకుంది. రిపోర్టులు బాగున్నాయి, ఆకలి బాగుంది, రంగు తేలింది. చూడవచ్చినవాళ్ళందరూ "ఇంకేం, గండం గడిచింది" అన్నారు.

ఒకనాడు పిండి జల్లిస్తూ, "ఏమే, అది ఇలా అందుకో" అంది. ఏదమ్మా అన్నాను. "అదేనే... పిండి పోస్తే మెత్తటిది కిందపడి పొట్టు పైన ఉండిపోతుందే, అది" అంది. జల్లెడ అన్న మాట ఆవిడకి తట్టలేదు! దాని పనంతా వ్యాఖ్యానం చెప్పగలిగింది గానీ పేరు రాలేదు. ఇంకొకరికైతే అది చిన్న విషయం. తెలుగు మాటలతో బతికిన మనిషికి అది చిన్న విషయం కాదు. ఆ తర్వాత ఒకటొకటే బయటపడ్డాయి. ఫోనులో మాట్లాడుతూ పాలు కాచడం కుదరదు, ఒకటే పని చెయ్యగలదు. కూరలబ్బాయి చిల్లర ఇస్తే మూడుసార్లు లెక్కపెడుతుంది, మూడుసార్లూ మూడు రకాలుగా వస్తుంది. పొద్దుటి మాత్ర వేసుకుందో లేదో సాయంత్రానికి చెప్పలేదు. వారపత్రికలో సీరియల్ పోయినవారం ఎక్కడ ఆగిందో గుర్తుండదు. ఈ ఆఖరిదానికి మాత్రం నేను దిగులు పడలేదు లెండి. సీరియల్స్ రాసేదాన్ని కనుక నాకు తెలుసు, పాఠకుల్లో సగంమందికి అదే పరిస్థితి, అందుకే మేము ప్రతివారం మొదటి పేరాలో జరిగిన కథ దొంగతనంగా చొప్పిస్తుంటాం.

దీనికి వాడుక పేరు కీమో బ్రెయిన్. మందులు వేయించుకున్నవాళ్ళు చాలాకాలంగా ఈ మాట చెబుతూనే ఉన్నారు, బుర్రలో మబ్బు కమ్మినట్టుందనీ, మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోతోందనీ. దిగులు వల్ల అలా అనిపిస్తుంది, నిబ్బరంగా ఉండండి అని పంపేసేవారు. అలా చెప్పినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు కావడం వల్ల కూడా ఆ సమాధానం అంత తేలిగ్గా వచ్చిందేమోనని నా అనుమానం. 1990ల చివర్లో రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందినవాళ్ళకి జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టి చూడటం మొదలయ్యాక గానీ, వీళ్ళు చెబుతున్నది నిజమేనని వైద్యశాస్త్రం ఒప్పుకోలేదు.

కారణం కీమో ఒక్కటే కాదు. క్యాన్సరే ఒంట్లో వాపు లాంటి స్థితిని తెస్తుంది. ఆపరేషన్‌కిచ్చే మత్తు, వాంతులు కాకుండా ఇచ్చే స్టెరాయిడ్లు, నొప్పి మాత్రలు, రక్తం తగ్గడం, నిద్రలేకపోవడం, హార్మోనులు మారడం, దిగులు, అన్నీ తలా ఒక చెయ్యి వేస్తాయి. తలకే రేడియేషన్ ఇవ్వవలసి వచ్చినవాళ్ళకి అది మెదడుకి నేరుగా తగిలే దెబ్బ, నెలల తర్వాత కూడా బయటపడుతుంది. చాలామందికి చికిత్స ముగిశాక కొన్ని నెలల్లో, ఏడాదిలో మబ్బు విడిపోతుంది. కొందరికి ఏళ్ళ తరబడి కొంత మిగులుతుంది. వయసు మీద పడ్డవాళ్ళకి మరింత ఆలస్యం. ఇంకో మాట కూడా చెప్పాలి. నెమ్మదిగా వచ్చే మరపు వేరు, నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, పగలూ రాత్రీ తెలియకపోవడం, మాట తడబడటం వేరు. అలాంటప్పుడు "వయసు" అనుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఒంట్లో ఉప్పు తగ్గినా, చీము పట్టినా, జబ్బు మెదడుకి పాకినా అలా అవుతుంది. నెమ్మది మరపుకి కూడా థైరాయిడ్, బి12, రక్తం ఒకసారి చూపించుకోవడం మంచిది. తేలిగ్గా సరిచెయ్యగలిగిన లోపం ఉంటే సరిచేసేస్తారు. అంతకుమించి దీన్ని మాయం చేసే మందంటూ లేదు. నడక, నిద్ర, రాసిపెట్టుకోవడం, ఒకసారికి ఒకే పని, ఇవే.

అమ్మకి ఈ పేరు చెప్పాలా వద్దా అని ఇంట్లో చిన్న చర్చ జరిగింది. ఎందుకు చెప్పడం, బెంగ పెట్టుకుంటుంది అన్నారు కొందరు. నేను చెప్పాను. విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే పిచ్చి కాదన్నమాట" అంది. ఏడాదిగా ఆవిడ లోలోపల ఏమనుకుంటోందో అప్పుడు తెలిసింది మాకు. "నీకేం, బాగానే ఉన్నావమ్మా" అని మనం మంచికే అంటాం. బాగాలేనని తనకి తెలుస్తూంటే, చుట్టూ ఉన్నవాళ్ళు బాగానే ఉన్నావంటూంటే, ఆ మనిషి ఎంత ఒంటరిదైపోతుందో ఊహించండి. చెప్పుకోవడానికి కూడా వీల్లేదు కదా.

ఇదివరకు మా కింద వాటాలో ఒక పిన్నిగారు ఉండేవారు. ఆవిడకీ ఇదే జబ్బు, ఇదే చికిత్స, ఇదే మరపు. కొడుకూ కోడలూ బంగారంలాంటివాళ్ళు. ఆవిడ జబ్బు మనిషి గదా అని మొదట పాలవాడి లెక్క తీసుకున్నారు. తర్వాత బీరువా తాళాలు. తర్వాత బ్యాంకు కార్డు, ఫోను. ఏ కూర వండాలో అడగడం మానేశారు. ఆవిడ చెల్లెలి మనవరాలి పెళ్ళికి చీర వాళ్ళే కొని, వాళ్ళే పెట్టి వచ్చారు. "మీకెందుకత్తయ్యా శ్రమ" అనేది ఆ పిల్ల, మనస్ఫూర్తిగానే. ఒక మధ్యాహ్నం పిన్నిగారు మా అమ్మ దగ్గర కూర్చుని మెల్లిగా అడిగారు: "అక్కయ్యగారూ, మీరు చదువుకున్నవారు గదా, ఒక మాట చెప్పండి. నాకు జబ్బు తగ్గలేదాండీ? తగ్గిందని డాక్టరన్నాడు. మరి నన్నెవరూ ఏమీ అడగడంలేదేం?"

ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. ఆవిడకి బాధ మర్చిపోవడం గురించి కాదు. అడగకపోవడం గురించి. ఇంట్లోవాళ్ళు అడగడం మానేశారు కనుక తానింకా రోగినే అని ఆవిడ తేల్చుకుంది. తర్కం చూడండి ఎంత శుద్ధంగా ఉందో! మతి పోయిందని అందరూ అనుకుంటున్న మనిషి చేసిన తర్కం అది.

అసలు ఇక్కడే మనం రెండు వేరు వేరు వస్తువుల్ని ఒకే డబ్బాలో పోస్తున్నాం అంటాను. జ్ఞాపకం ఒకటి, వివేకం ఇంకొకటి. మొన్న వేసవిలో ఆవకాయ పెట్టేటప్పుడు ఉప్పు వేశానో లేదో అమ్మకి గుర్తులేదు. చెయ్యి ఆగిపోయింది. పక్కన కూర్చున్న నేను వేశావని చెప్పాను. ఊట వేలితో తాకి నాలిక మీద వేసుకుని, "ఉప్పు సరే, ఆవ ఘాటు లేదు. ఇవి కొత్త ఆవాలు కావు, కొట్టువాడు నిన్ను మోసం చేశాడు" అంది. ఆ రెండు నిమిషాల్లో ఒక పక్క జ్ఞాపకం లేదు, ఇంకో పక్క యాభై ఏళ్ళ అనుభవం చెక్కుచెదరకుండా ఉంది. ఉప్పు గుర్తులేదు కనుక ఆవకాయ పెట్టడానికే పనికిరాదని జాడీ లాగేసుకున్నామనుకోండి, పోయేది ఆవిడ జ్ఞాపకం కాదు, ఆవాల గురించి మాట చెప్పగల ఒకే ఒక్క మనిషి. (ఆవాలు వెనక్కి తీసుకోమంటే కొట్టువాడు ఒప్పుకోలేదు, అది వేరే కథ.)

మన భారతంలో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. యుద్ధం అయిపోయాక ధర్మరాజు పదిహేనేళ్ళు ధృతరాష్ట్రుణ్ణి తన దగ్గరే పెట్టుకున్నాడు. నూరుగురు కొడుకుల్ని పోగొట్టుకున్న గుడ్డి ముసలాయన. చేసిన పాపం తక్కువా? ఒక మూల ఇంత అన్నం పెట్టి పడేసినా లోకం ధర్మరాజుని తప్పు పట్టేది కాదు. అలా చెయ్యలేదాయన. ప్రతి పనికీ పెదతండ్రి అనుమతి అడిగేవాడు. ధృతరాష్ట్రుడు చెరసాలలో ఉన్నవాళ్ళని విడిపించమంటే విడిపించేవాడు, శిక్ష పడ్డవాళ్ళని క్షమిస్తే మారు మాట్లాడేవాడు కాదు. నాకు నచ్చేది ఈ చివరి సంగతి. అడిగి ఊరుకోలేదు, అడిగినదానికి విలువ ఉండేటట్టు చూశాడు. అడిగినట్టు నటించి, జవాబు వినిపించుకోకుండా మన ఇష్టం వచ్చినట్టు చేసుకోవడం ఒకటుంది. మన ఇళ్ళల్లో అది కూడా బాగా జరుగుతుంది. "ఏం వండమంటారత్తయ్యా?" అని అడిగేటప్పటికే పొయ్యి మీద బీరకాయ ఉడుకుతూంటుంది. దానికన్నా అడక్కపోవడమే నయం.

ఆ ఇంట్లోనే భీముడూ ఉన్నాడు. అన్నకి తెలియకుండా, ఆ ముసలాయన చెవిన పడేటట్టు, నీ కొడుకుల్ని చంపిన చేతులివే అని భుజాలు చరుచుకునేవాడు. చివరికి ధృతరాష్ట్రుడు అడవికి పోతానన్నాడు. భీముడి కోపంలో న్యాయం లేదని నేననను. ఇంట్లో చాకిరీ చేసే కోడళ్ళ గుండెల్లో భీముడు ఉండకుండా ఎలా ఉంటాడు? ఇరవై ఏళ్ళు సాధించిన అత్తగారు ఇవాళ తను సాధించిన సంగతే మరిచిపోయి "నా తల్లివే" అంటూ చెయ్యి పట్టుకుంటే, కోడలికి కన్నీళ్ళు రావచ్చు, ఒళ్ళు మండనూ వచ్చు. రెండూ నిజమే. పోట్లాడి తేల్చుకోవలసిన లెక్కని అవతలి మనిషి మర్చిపోయి తప్పించుకుందనిపిస్తుంది. ఇలాంటి కోడళ్ళకి ఓర్పు గురించి ఉపన్యాసాలిచ్చే పాపానికి నేను పోను.

ఓర్పు అన్నాను గనుక చెబుతున్నాను. మాట తట్టని మనిషి మాట కోసం తడుముకుంటూంటే, మనం ఆ మాట అందించాలా, ఆగాలా? వినడానికి చిన్న ప్రశ్న. రోజుకి యాభైసార్లు వస్తుంది. ఎనిమిదిన్నరకి బస్సు పట్టుకోవలసిన ఆడది, పిల్లాడి టిఫిన్ డబ్బా మూత వెతుక్కుంటూ, "అదే... ఆ... మొన్న వచ్చాడే..." దగ్గర ఆగి నిలబడగలదా? నిలబడలేదు. నిలబడమని చెప్పేవాళ్ళు సాధారణంగా ఫోనులో ఆదివారం పూట "అమ్మ ఎలా ఉంది?" అని అడిగే అన్నదమ్ములై ఉంటారు. వాళ్ళ ఓర్పు అపారం, ఎందుకంటే ఖర్చు కాదు. అందుకని నేను రోజంతా ధర్మరాజులా ఉండమని చెప్పను. పొద్దుట హడావిడిలో మాట అందించేస్తే ఏ పాపమూ లేదు. కానీ రోజులో ఎప్పుడో ఒక పావుగంట, దీపాలు పెట్టాకనో భోజనాలయ్యాకనో, తొందరలేని వేళ ఒకటుండాలి. అడగవలసిన పెద్ద ప్రశ్న అప్పుడు అడగాలి. అలసిన బుర్ర సాయంత్రానికి మరీ మందగించేవాళ్ళుంటారు, వాళ్ళకైతే పొద్దుటి కాఫీ వేళ. అది ఎవరింట్లోవాళ్ళకి తెలుస్తుంది.

చెప్పిన కథే మళ్ళీ చెబుతూంటే "ఇది చెప్పావమ్మా" అనాలా? నా మట్టుకు నేను అనను. కథ చెప్పుకోవడం వార్త అందించడానికి కాదు గదా. మా అమ్మ తన మొదటి జీతం కథ చెప్పిన ప్రతిసారీ అందులో ఒక కొత్త ముక్క వస్తుంది. కానీ మాత్ర వేసుకున్నానని అంటే, వేసుకోకపోతే, "లేదమ్మా, ఇంకా వేసుకోలేదు, డబ్బాలో అలాగే ఉంది చూడు" అని చెప్పి తీరాలి. వారానికి ఏడు గదుల ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చుకున్నాం. అది ఎవరి పక్షానా వాదించదు. గది ఖాళీ అయితే వేసుకున్నట్టు, లేకపోతే లేనట్టు. గ్యాసు పొయ్యి విషయంలో కూడా మొహమాటం పనికిరాదు. మర్యాద కోసం ఇల్లు తగలబెట్టుకోలేం.

డబ్బు దగ్గర మాత్రం ముడి గట్టిగా ఉంది. బ్యాంకునించి మాట్లాడుతున్నామని చెప్పి ఓటీపీ అడిగే దొంగల రోజులివి. మతి చురుగ్గా ఉన్నవాళ్ళే మోసపోతున్నారు. అలాంటప్పుడు కార్డు పెద్దావిడ చేతిలో ఉంచడం ప్రేమా, అజాగ్రత్తా? దీనికి మా ఇంట్లో ఒక ఏర్పాటు జరిగింది, అమ్మ చెప్పగా జరిగింది. "కార్డు నీ దగ్గర పెట్టు, పాసుపుస్తకం నా దగ్గర ఉంచు. డబ్బు నువ్వు తే, లెక్క నేను చూస్తాను" అంది. పింఛను పడిందో లేదో నెలనెలా పుస్తకం తెరిచి చూస్తుంది. లెక్క తప్పితే మళ్ళీ చూస్తుంది. ఏడాదికోసారి పింఛనుదారులు తాము బతికే ఉన్నామని ధృవపత్రం ఇవ్వాలి గదా, ఆ రోజు మాత్రం మంచి చీర కట్టుకుని వెళ్తుంది. "ప్రభుత్వం వాళ్ళొక్కరే వచ్చి చెప్పమని పిలుస్తున్నారు" అని నవ్వుతుంది.

సంతకాల సంగతికొస్తే మన చట్టం చాలా ఇళ్ళకన్నా సున్నితంగా ఆలోచించింది. 1872 నాటి ఒప్పందాల చట్టం, మామూలుగా మతి స్థిమితం లేని మనిషైనా స్థిమితంగా ఉన్న వేళ ఒప్పందం చేసుకోవచ్చంటుంది. మామూలుగా స్థిమితంగా ఉండే మనిషి జ్వరంలో పలవరిస్తూంటే ఆ పలవరింత ఉన్నంతసేపూ చేసుకోకూడదంటుంది. అంటే మనిషి మీద శాశ్వతంగా ముద్ర కొట్టలేదు, వేళని చూడమంది. నూటయాభై ఏళ్ళ కిందట రాసినవాళ్ళకి తోచిన ఆ మాట, ఆసుపత్రి మంచం పక్కనే స్టాంపు కాగితాలు పట్టుకుని నిలబడే కొడుకులకి తోచదు. అలాంటివాళ్ళని మీరూ చూసే ఉంటారు. 2007లో వచ్చిన వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం, చూసుకోవాలన్న షరతు మీద పెద్దవాళ్ళు ఆస్తి రాసిస్తే, రాయించుకున్నవాళ్ళు చూడకపోతే, ఆ బదిలీని ట్రైబ్యునల్ రద్దు చెయ్యవచ్చు. ఆ షరతు కాగితం మీద స్పష్టంగా ఉండటం మేలు. బంధువులే గదా, రాతలెందుకని అనుకునేవాళ్ళకే అది ఎక్కువ అవసరం.

ఇవన్నీ ఒక ఎత్తు. తన ఒంటి గురించి తను తేల్చుకోవడం ఇంకో ఎత్తు. ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న వ్యవహారం అదే.

చికిత్స ముగిశాక అమ్మకి రోజూ ఒక హార్మోను మాత్ర, అయిదేళ్ళు వేసుకోవాలని రాశారు. జబ్బు తిరగబెట్టే అవకాశాన్ని తగ్గించేది అది. మాత్ర మొదలుపెట్టిన దగ్గర్నుంచీ కీళ్ళనొప్పులు. ఈ మాత్రలతో అవి చాలామందికి వస్తాయి. మబ్బు కూడా ఇంకా ఎక్కువైందని అమ్మ అంటుంది. మాత్ర వల్లో, నొప్పులతో నిద్రలేకో, డాక్టరు కూడా ఖాయంగా చెప్పలేకపోయారు. అదే జాతి మందు ఇంకొకటి ఉంది, మార్చి చూడవచ్చు, కొనసాగించడం మంచిదని నా సలహా, ఆలోచించుకు రండి అన్నారు. మంచి మనిషి. కానీ ఈ మాటలన్నీ నావైపు చూసి చెప్పారు. అమ్మ పక్క కుర్చీలోనే ఉంది. "అమ్మకే చెప్పండి డాక్టరుగారూ" అన్నాను. "ఆవిడకి గుర్తుంటుందాండీ?" అన్నారు. గుర్తుండకపోవచ్చు. గుర్తు పెట్టుకునే పని నాది, తేల్చే పని ఆవిడది.

ఇంటికొచ్చాక బంధువుల్లో ఒకాయన, "ఆవిడకేం తెలుస్తుందమ్మా, నువ్వు మాత్ర వేసేస్తూ ఉండు" అన్నాడు. ఇంకొకావిడ, "ఆ నొప్పులు చూడలేం, మానిపించెయ్" అంది. ఇద్దరూ పరస్పర విరుద్ధంగా మాట్లాడారు గానీ ఒక విషయంలో ఏకాభిప్రాయం, అమ్మని అడగక్కర్లేదని. శ్రవణకుమారుడి కావడి కథ చిన్నప్పుడు అందరం విన్నాం. మోసినవాడు వాడే గానీ, కాశీకి పోవాలన్నది కావిట్లో కూర్చున్నవాళ్ళు. వాడు పుణ్యాత్ముడు గనుక దారి తనే మార్చేసి, మీకు అరుణాచలం మంచిదని అటు నడవలేదు.

మొదటిసారి ఒక ఆదివారం పొద్దుట, కాఫీ తాగాక అడిగాను. డాక్టరు చెప్పిందంతా ఒకటొకటే చెప్పాను. అమ్మ చాలాసేపు కిటికీలోంచి చూసింది. నేను ఊరుకున్నాను. "మళ్ళీ ఆ సెలైను కుర్చీలో కూర్చునే రాత రాకుండా ఉంటుందంటే ఈ నొప్పులు పడొచ్చు. కానీ పద్యం నోటికి రాకుండా బతకడం... అది నాకు ఇష్టం లేదే" అంది. అంటే ఏం చెయ్యమంటావమ్మా అంటే, "చూద్దాం" అంది.

నాలుగు రోజులాగి మళ్ళీ అడిగాను. మొదటిసారి అడిగిన సంగతి ఆవిడకి గుర్తులేదు. మళ్ళీ అంతా చెప్పాను. మళ్ళీ కిటికీ. మళ్ళీ అదే జవాబు. మాటలు మారాయి గానీ అదే భయం, అదే ఇష్టం, అదే వరసలో. సెలైను కుర్చీ ముందు, పద్యం తర్వాత. ఆ నాలుగు రోజుల మధ్య సంభాషణ తుడిచిపెట్టుకుపోయింది గానీ ఆలోచించిన మనిషి అక్కడే ఉంది. మా చుట్టాలాయన్ని పిలిచి చూపించాలనిపించింది.

నిన్న మూడోసారి. ఈసారి నేను చెప్పడం పూర్తి కాకముందే చెయ్యి ఎత్తి ఆపింది. "ఆగు. ఇది నన్ను ఇదివరకు అడిగి ఉంటావు. నీ మొహం చూస్తే తెలుస్తోంది. ఏం చెప్పాన్నేను?" అంది.

ఒక్క క్షణం ఏం చెయ్యాలో తెలియలేదు. చెబితే ఆవిడ నోట్లో నేను జవాబు పెట్టినట్టవుతుందేమో. చెప్పకపోతే, ఆవిడ మాటనే ఆవిడ దగ్గర దాచినట్టవుతుంది. రెండుసార్లు అన్నవీ అన్నట్టే చెప్పాను. "నేను ఆ మాటన్నానా? బాగానే అన్నానే!" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "అయితే అన్నీ చెప్పాను గానీ తేల్చలేదన్నమాట" అంది.

"తేల్చలేదమ్మా."

"మందు మారిస్తే బుర్ర తేటపడుతుందని గ్యారంటీ ఉందా?"

"లేదన్నారు. కొందరికి నయంగా ఉంటుందన్నారు."

"మార్చి చూసి, ఎన్నాళ్ళు చూడాలి?"

అది నేను డాక్టరుని అడగలేదు. ఎవరికీ తట్టలేదు ఆ ప్రశ్న. అడుగుతానన్నాను. "నేనే అడుగుతాలే. రాసిపెట్టు" అంది. నేను కలం అందుకోబోతే మళ్ళీ తనే, "నువ్వొద్దు, ఇలా తే" అని నోటుబుక్కు తీసుకుని, పూర్వం నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా రెండు లైన్లు రాసింది. మాత్ర మారిస్తే ఎన్నాళ్ళు చూడాలి. రెండోది, నేను ఇంకా ఆలోచిస్తున్నాను.

గురువారం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇవాళ మంగళవారం. పొద్దుట కాఫీ ఇస్తూ చూశాను, నోటుబుక్కు ఆ పేజీ దగ్గరే తెరిచి దిండు పక్కన ఉంది, కళ్ళజోడు దాని మీద పెట్టి ఉంది.